అయిదో నంబరులో ఆఖరి బొగ్గు

మడ్ ఫోర్క్, కెంటకీ
మార్చి 20, 1988

అన్న ఎల్బర్ట్‌కి,

నీ ఉత్తరం అందింది. చదివి బల్ల మీద పెట్టి, పొయ్యి మీద రొట్టె మాడి వాసనొస్తున్నా లేవకుండా కూచున్నాను. నా వెండెల్ బూడిద నీకు పంపాలా? మీ పార్కులో పిల్లల్ని కొండ చుట్టూ తిప్పే ఆ పొగబండి పొయ్యిలో పారతో వెయ్యటానికా? ఏం రాస్తున్నావో తెలిసే రాశావా అన్నా?

ఒకసారి కాలింది చాలదా నా బిడ్డ. మళ్ళీ రెండోసారా.

ఇంజను పని చేసేవాళ్ళలో ఎప్పట్నించో ఉన్న పద్ధతే అని రాశావు. డ్రైవరు పోయినా, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మేన్ పోయినా వాడి బూడిద వాడి ఇంజను పొయ్యిలోనే వేసి, కూత వేసి, పొగగొట్టంలోంచి సాగనంపుతారని. మీ పద్ధతి మీ దగ్గరే పెట్టుకోండి. మనవాళ్ళలో ఎవర్ని కాల్చారు చెప్పు? అమ్మా నాన్నా తాతా అందరూ కొండ మీద మట్టిలో పడుకున్నారు. వీడు ఆస్పత్రిలో నాకు చెప్పకుండా తనని కాల్చమని కాగితాల మీద సంతకం పెట్టేశాడు కాబట్టి గానీ, లేకపోతే వాడూ వాళ్ళ నాన్న పక్కన ఉండేవాడు. పాస్టరు గారు వచ్చి, "ఆఖరి రోజున దేవుడు పిలిస్తే మీవాడు ఎక్కణ్ణించి లేస్తాడు సిస్టర్ ఓనా?" అని అడిగారు. "నా వంటింటి అలమర మీద నుంచి లేస్తాడు, మీరు కాఫీ తాగండి" అన్నాను.

వాళ్ళ నాన్న గనిలో పనిచేసి పోయాడు. బొగ్గు లోపలికి దూరి ఊపిరితిత్తుల్ని తినేసింది. మిగిలిన ఒక్కణ్ణీ తెచ్చి బొగ్గు మీదే వెయ్యమంటావు.

నేను మొదటిసారి మీ పార్కుకి వచ్చిన రోజు నీకు గుర్తుందా? అప్పటికి వాడు నీ దగ్గర ఫైర్‌మేన్ కాలేదు. బండిని ఆపి దోచుకునే బందిపోటు వేషం వాడిది. కొండ కింద ఆ ఉత్తుత్తి స్టేషన్ దగ్గర బండి ఆగటం, వీళ్ళు ముఖాలకి గుడ్డలు కట్టుకుని రావటం, షెరీఫ్ తుపాకీ పేల్చటం, వీడు కప్పు మీద నుంచి గడ్డివాములోకి పడిపోవటం. నాకు ఎవరూ చెప్పలేదు. కెవ్వుమని అరిచి బండి దిగి పరిగెత్తాను. బండి బండంతా నవ్వారు. నేను వాడి తల ఒళ్ళో పెట్టుకుంటే, చచ్చిపోయినవాడు ఒక కన్ను తెరిచి, "అమ్మా, వెళ్ళి కూచో, నా జీతం కోసేస్తారు" అన్నాడు.

జనవరిలో ఆస్పత్రిలో కూడా వాడి తల అలాగే పట్టుకున్నాను అన్నా. చాలాసేపు పట్టుకున్నాను. నర్సు వచ్చి నా వేళ్ళు విడదీసింది.

మళ్ళీ ఈ సంగతి ఎత్తకు.

నీ చెల్లెలు,
ఓనా

*

లారెల్ గ్యాప్, టెనెస్సీ
ఏప్రిల్ 11

చెల్లీ ఓనా,

నీ తిట్లు భద్రంగా అందాయి. చిన్నప్పుడు నా నెత్తిన పాల బాల్చీ కుమ్మరించిన దానివి. ఇప్పుడు కాగితం మీద కుమ్మరిస్తున్నావు. మంచిదే, నువ్వు ఏడుస్తూ రాస్తే నేను ఇంకా భయపడేవాణ్ణి.

ఎత్తకు అన్నావు. ఎత్తక తప్పటం లేదు. పార్కు కొత్త యజమానులు వచ్చి మన అయిదో నంబరు ఇంజను చుట్టూ తిరిగి చూశారు. అక్టోబరు ఆఖరి ఆదివారంతో బొగ్గు ఆపేస్తారట. చలికాలంలో పొయ్యి లోపలి ఇనప జల్లెడ పీకేసి గ్యాసు మంట పెడతారు. బొగ్గు వెయ్యటానికి మనిషి అక్కర్లేదు, ఒక జీతం మిగులుతుంది. ట్రూమన్‌ని టికెట్లు చింపే పనిలో వేస్తామన్నారు. వాడు వెండెల్ తర్వాత వెండెల్ పార పట్టుకున్నవాడు. వాడి ముఖం చూడలేకపోతున్నాను. నేను కూడా ఆ ఆదివారమే దిగిపోతాను. గ్యాసు బండి తోలటానికి నేనెందుకు, మా ఆవిడ వంటింట్లో తోలుతుంది రోజూ.

అర్థమైందా ఓనా? గ్యాసు పెట్టాక పార పట్టే తలుపు ఉండదు. వెండెల్ అడిగింది చెయ్యాలంటే ఈ అక్టోబరు దాకే గడువు.

ఇంకో మాట. ఆస్పత్రిలో నువ్వు కిటికీ దగ్గర నిలబడి ఉన్నావు. వాడు, "అమ్మా, నన్ను మామయ్యకి ఇచ్చెయ్యి, కొండ ఎక్కేటప్పుడు పొయ్యిలో వేస్తాడు" అన్నాడు. నువ్వు "సరే నాన్నా" అన్నావు. నేను విన్నాను. ట్రూమన్ కూడా విన్నాడు.

నీ అన్న,
ఎల్బర్ట్

*

మడ్ ఫోర్క్
జూన్ 5

అన్నా,

అవును, సరే అన్నాను. ఏమనాలి మరి? ఆ రోజు వాడు ఏది అడిగినా సరే అన్నాను. చేపలు పట్టటానికి వెళ్దామన్నాడు, సరే అన్నాను. లేచి నిలబడలేడు, వసంతానికి కొత్త బూట్లు కొనమన్నాడు, సరే అన్నాను. ఆ బూట్లు కూడా కొనమంటావా?

నీకు తెలియదు అన్నా, నీకు పిల్లలు బతికి ఉన్నారు. ఇలా రాయకూడదు, కొట్టివేద్దామనుకున్నాను గానీ వేరే కాగితం లేదు, అలాగే ఉండనీ.

ఆ డబ్బా నాకు ఎలా ఇచ్చారో చెబుతాను విను. కాల్చినచోట కౌంటరు దగ్గర ఒక అమ్మాయి రెండు చేతుల్తో పట్టుకుని, "బరువుగా ఉంటుందండీ, జాగ్రత్త" అంది. తీసుకున్నాను. తీసుకోగానే నా చేతులకి తెలిసింది. వాడు పుట్టిన రోజున మంత్రసాని నా చేతుల్లో పెట్టిన బరువే. రవ్వంత ఎక్కువా లేదు, రవ్వంత తక్కువా లేదు. ఆరడుగులు పెరిగి, అంత తిండి తిని, మళ్ళీ అంతే అయిపోయి నా దగ్గరికి వచ్చాడు. అలాంటివాణ్ణి పారలో పొయ్యమంటావు.

పొద్దున్నే కిందికి దింపి బల్ల మీద పెట్టుకుంటాను. గింజలు ఏరుతూ మాట్లాడతాను. పక్కింటి లూరా వచ్చి చూసి, "ఓనా, నువ్వు తిన్నావా, ఆ డబ్బాకి పెట్టావా?" అంది. వెటకారం కాదు, ఏడుస్తూనే అంది. తింటున్నాను అని అబద్ధం చెప్పాను. వంట చేస్తాను, తినబుద్ధి కాదు. వాన పడితే కప్పు కారుతుందని డబ్బా మీద నూనెగుడ్డ కప్పుతాను. ఇంట్లోంచి బయటికి పోతే ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని ప్రార్థనకి పోవటం మానేశాను. పిచ్చి అంటారు. అననీ.

వాడికి మాటిచ్చాను. నాకు తెలుసు. కానీ ఇచ్చేశాక ఈ చేతులు ఏం పట్టుకోవాలి చెప్పు. అది చెప్పు, పంపుతాను.

ఓనా

*

లారెల్ గ్యాప్
జులై 17

ఓనా,

నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. రెండుసార్లు కూచున్నాను రాద్దామని. లేదు.

ట్రూమన్ రోజూ పొద్దున పొయ్యి రాజేసి, బూడిద కిందికి లాగి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "మీ చెల్లెలు రాసిందా?" అంటాడు. లేదంటాను. "ఇంకా సమయం ఉందిగా" అంటాడు. నిన్న ఆ మాట అనలేదు. ఊరికే వెళ్ళిపోయాడు.

అడగటం ఇదే ఆఖరు. పంపినా పంపకపోయినా నువ్వు నా చెల్లెలివే.

ఎల్బర్ట్

*

మడ్ ఫోర్క్
ఆగస్టు 21

అన్నా,

లూరా మనవల్ని తీసుకుని మీ పార్కుకి వస్తోంది. దాని చేత పంపుతున్నాను. కాల్చినచోట ఇచ్చిన డబ్బా నేనే ఉంచుకున్నాను, అది నాకు కావాలి. కాఫీ డబ్బాలో పోసి మూతకి టేపు చుట్టాను.

నన్ను రమ్మనకు. ఎలా చేశారో నాకు రాయకు. అయిపోయింది అనుకోండి.

టమాటాలు కూడా ఉన్నాయి సంచిలో. పండినవి పైన ఉన్నాయి.

ఓనా

*

లారెల్ గ్యాప్
సెప్టెంబరు 14

చెల్లీ ఓనా,

రాయకు అన్నావు. రాయకపోతే ఎవరూ నీకు చెప్పరు, అందుకని రాస్తున్నాను. వద్దనుకుంటే ఇక్కడే మడిచేసెయ్యి.

నిన్న మంగళవారం చేశాం. బడులు తెరిచారు కాబట్టి జనం పల్చగా ఉన్నారు. కొండ కింద ఉత్తుత్తి స్టేషన్ దగ్గర బండి ఆపాను. దోపిడీ జరిగే చోటే. బందిపోట్లు ఆరుగురూ కప్పు దిగి వచ్చి, ముఖాల మీద గుడ్డలు తీసేసి, టోపీలు గుండెల దగ్గర పెట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరికి పడటం నేర్పింది మనవాడే. షెరీఫ్ వేషం ముసలాడు తుపాకీ విప్పి నేల మీద పెట్టేశాడు. నేను పొయ్యి తలుపు తెరిచాను. ట్రూమన్ కాఫీ డబ్బాని పారలో వంచి, మంట మధ్యలోకి, వెండెల్ వేసినట్టే మణికట్టు తిప్పి విసిరాడు. వాడి ముఖం మీద కన్నీళ్ళు కారుతుంటే ఆ వేడికి అక్కడికక్కడే ఆరిపోతున్నాయి. నేను కూత తాడు పట్టుకుని ఆవిరి ఇంక పడిపోతుందేమో అన్నంతసేపు లాగాను.

అప్పుడు పెట్టెల్లో కూచున్న జనం చప్పట్లు కొట్టారు. ఆటలో భాగం అనుకున్నారు పాపం. ఒకాయన ఈల వేశాడు. ట్రూమన్ వాళ్ళ వైపు చూశాడు, కొడతాడేమో అనుకున్నాను. టోపీ ఎత్తి వాళ్ళకి దణ్ణం పెట్టాడు. కుర్రాడు పెద్దవాడైపోయాడు.

కొండ ఎక్కేశాం.

నీ టమాటాలు బావున్నాయి.

ఎల్బర్ట్

*

మడ్ ఫోర్క్
అక్టోబరు 2

అన్నా ఎల్బర్ట్,

ఎలా మొదలుపెట్టాలో తెలియటం లేదు. నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. దిండు కింద పెట్టుకున్నాను, తీసి అలమరలో పెట్టాను, మళ్ళీ తెచ్చుకున్నాను. పోస్టు డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చాను. ఇంక రాయకపోతే నేను బతకను.

అది వాడు కాదు.

మీరు టోపీలు తీసింది వాడికి కాదు అన్నా. అది నా వంటపొయ్యి బూడిద. ఆ వారం చిక్కుడు గింజలు వండిన కట్టెల బూడిద. బొగ్గుముక్కలు కనబడకుండా పిండి జల్లెడలో జల్లించాను. జల్లిస్తూ ఉంటే నా చేతులు నావి కాదనిపించింది. లూరా తలుపు దగ్గర కారు హారను కొడుతోంది, పిల్లలు తొందరపెడుతున్నారు. అసలు డబ్బా పక్కనే ఉంది. మూత దాకా తీశాను. తీసి లోపలికి చూసి మూసేశాను. అంతే. వాడు ఇప్పుడు కూడా ఇక్కడే ఉన్నాడు, నేను రాస్తున్న బల్ల మీద.

బూడిద బూడిదే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. మీ అడగటం ఆగిపోతుంది, వాడు నా దగ్గర ఉంటాడు, అంతవరకే ఆలోచించాను. నువ్వు ఆ కుర్రాడి కన్నీళ్ళ గురించి రాశావు. వాళ్ళు వరసగా నిలబడ్డారని రాశావు. నా కొడుకుకి అంత గౌరవం దొరికితే, వాడు లేడు అక్కడ. చిక్కుడు గింజల పొయ్యికి దొరికింది ఆ గౌరవం. వాడి చావుని నేనే దొంగిలించాను. వాడు అడిగిన ఒకే ఒక్కటి.

ఇప్పుడు ఇంట్లో వాడి వైపు చూడలేకపోతున్నాను. ఇంతకు ముందు మాట్లాడేదాన్ని. ఇప్పుడు మాట్లాడితే వింటున్నాడేమో, విని ఊరుకుంటున్నాడేమో అనిపిస్తోంది. చిన్నప్పుడు కోపం వస్తే అలాగే ఊరుకునేవాడు. డబ్బా మీద గుడ్డ కప్పేశాను.

బొగ్గు ఇంకా ఉందా అన్నా? ఆ ఆదివారం అయిపోలేదు కదా? వాళ్ళు ముందే ఆపెయ్యలేదు కదా? ఎవరితో చెప్పుకోను. ట్రూమన్ నా ముఖం మీద ఉమ్మేసినా పడతాను. తిట్టు, ఏమన్నా అను, కానీ ఒకటి చెప్పు, ఇంకా మంట ఉందా? వెంటనే రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఓనా

*

లారెల్ గ్యాప్
అక్టోబరు 7

పిచ్చిదానా,

లూరా సంచిలోంచి ఆ కాఫీ డబ్బా తీసి నా చేతికిచ్చినప్పుడే నాకు తెలిసింది. పుట్టినప్పటి బరువు అని నువ్వే కదా రాశావు. ఇది చూస్తే దూదిలా ఉంది. ఇంటికెళ్ళి మూత తీశాను. ముప్పై ఏళ్ళుగా రోజూ బూడిద లాగి పోసేవాణ్ణి, నాకా పంపుతావు కట్టెల బూడిద? మనిషిది ఇసకలా ఉంటుంది ఓనా, తెల్లగా, వేళ్ళకి గరగరా తగులుతుంది. నీది పిండిలా ఎగిరింది, నా మీసం నిండా పడింది, నువ్వు గింజల్లో వేసే పంది మాంసం మాడిన వాసన. అందులో పాత చెక్కపెట్టె సన్న మేకు ఒకటుంది, నిలువుగా జారిపోయిందేమో, నీ జల్లెడకి చిక్కలేదు. ట్రూమన్ చూడకముందే తీసి జేబులో వేసుకున్నాను.

అలాంటప్పుడు ఎందుకు ఊరుకున్నావు అంటావు. నీకు ఏమని రాయను? దొంగదానా, బిడ్డని ఇవ్వు అనా? నువ్వు ఇవ్వలేకపోయావు. నాకు కోపం రాలేదు. ఇక్కడ కుర్రాళ్ళు ఎనిమిది నెలల నుంచి ఏడవటానికి ఒక చోటు కోసం చూస్తున్నారు. వాళ్ళకి అది ఇచ్చాను. అందుకే ఆఖరి ఆదివారం దాకా ఆగకుండా మామూలు మంగళవారం చేసేశాను. ఆదివారం నీ కోసం మిగలాలని. నువ్వు రాస్తావో లేదో తెలియదు. రాయకపోతే నేను ఈ సంగతి నాతోనే పట్టుకుపోయేవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చాక ట్రూమన్‌కి చెప్పాను. చెప్పక తప్పదు, పార వాడిది. బొగ్గు పెట్టె మీద కూచున్నాడు. "అయితే నేను ఏడ్చింది మీ చెల్లెలి చిక్కుడు గింజలకా?" అన్నాడు. అవునన్నాను. లేచి పార అందుకుని, "పోనీలెండి, మా అమ్మ అయితే డబ్బా కూడా పంపేది కాదు. ఆవిడ వస్తుందా?" అన్నాడు.

మంట ఉంది. అక్టోబరు 30, మధ్యాహ్నం బండి. మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. వస్తే ఇంజనులోకి ఎక్కిస్తాను. అక్కడ నిలబడి కూడా వద్దనుకుంటే డబ్బా పట్టుకుని దిగిపో, నేను గానీ వాడు గానీ ఒక్క మాట అనం. లూరాని కారు తోలమను. తిండి తిని రా.

ఎల్బర్ట్

*

మడ్ ఫోర్క్
నవంబరు 6

అన్నా,

ఇల్లు చేరాను. లూరా రెండు రోజులు నా దగ్గరే పడుకుంది. నేనేమన్నా చేసుకుంటానని దాని భయం. ఏమీ చేసుకోను. అలాగని తేలికైందని రాయలేను. అలమర దగ్గరికి పోయి చెయ్యి పైకెత్తుతాను, అక్కడ ఏమీ ఉండదు, చెయ్యి అలాగే పైన ఉండిపోతుంది. పాస్టరు గారు వచ్చి మనశ్శాంతి దొరికిందా అన్నారు. లేదు అన్నాను. ఆయన పాపం కాఫీ తాగి వెళ్ళారు.

నీకు తెలియనివి రెండు చెప్పాలి.

ఒకటి. ఆ ఆదివారం నువ్వు పొయ్యి తలుపు తెరిచావు. లోపల ఎరుపు కూడా కాదు, తెల్లగా ఉంది. ట్రూమన్ పార నా ముందుకి చాచాడు. నేను డబ్బాని పొట్టకి అదుముకుని నిలబడిపోయాను. ఎంతసేపో నీకే తెలుసు. అప్పుడు నువ్వు, "ఓనా, తలుపు తెరిచి ఉంటే ఆవిరి పడిపోతుంది, ముందర కొండ ఉంది. వేస్తే వెయ్యి, లేకపోతే మూసేస్తాను" అన్నావు. ప్రేమగానే అన్నావులే. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. నా కొడుకు ఇక్కడ, నీ ఆవిరి గోల నీకు! ఆ కోపంలోనే పారలోకి వంచేశాను అన్నా. ప్రార్థన చేస్తూ కాదు, వాడి పేరు పిలుస్తూ కాదు. నీ మీద కోపంతో. అయిపోయాక చూస్తే డబ్బా తేలిగ్గా ఉంది. నువ్వు ఆ మాట అనకపోతే నేను ఇప్పటికీ అక్కడే నిలబడి ఉండేదాన్ని. కావాలనే అన్నావేమో అని కారులో అనిపించింది. చెప్పొద్దు నాకు.

రెండోది. మీరు నన్ను దించి మొదటి పెట్టెలో కూచోబెట్టారు కదా. బండి కదిలింది. మొదట మెల్లగా, తర్వాత కొండ మొదలయ్యాక ఇంజను గట్టిగా కొట్టుకోవటం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకి పొగ ముద్దముద్దలుగా పైకి పోతోంది. చూడకూడదు అనుకున్నాను, చూస్తూనే ఉన్నాను. నా పక్కన ఒక తల్లి, అయిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల ఉన్నట్టుండి కన్ను పట్టుకుని ఏడుపు లంకించుకుంది. పొగలోంచి నలుసు పడింది. తల్లి గాభరాపడి నలిపేస్తోంది. "నలపకమ్మా, నాకివ్వు" అని పిల్లని ఒళ్ళోకి లాక్కుని, రెప్ప తిప్పి, రుమాలు కొస నాలుక మీద తడిపి తీసేశాను. చేతులు వాటంతట అవే చేశాయి. ఆ నలుసు బొగ్గుదో ఏదో, చూడబోయి, చూడకుండా రుమాలు బయటికి దులిపేశాను.

పిల్ల వెక్కుతూ నా భుజం మీద తల పెట్టుకుని ఉండిపోయింది. దింపబుద్ధి కాలేదు, తల్లి కూడా అడగలేదు.

"మీకూ పిల్లలున్నారనుకుంటా, భలే తీశారు" అంది.

"ఒక కొడుకు" అన్నాను.

"ఏం చేస్తాడు?"

"ఈ బండి ఫైర్‌మేన్" అన్నాను.

ఆవిడ పక్కకి వంగి ముందుకు చూసింది. ఇంజను ఊగిపోతూ కొండ ఎక్కుతోంది, పొగ చెట్ల పైకి పోయింది.

"అబ్బ, ఎంత కష్టపడుతున్నాడండీ" అంది.

"అవునమ్మా" అన్నాను.

నీ చెల్లెలు,
ఓనా